బ్యాలస్ట్ అక్కర్లేని దీపం

ముత్యాల రెసిడెన్సీలో మొక్కలకు ఎండ తగలకూడదని తీర్మానం జరిగిన సాయంత్రం హైమవతి ఇంట్లో కూర్చుని మెంతికూర ఏరుకుంటోంది. ఆవిడ మీటింగుకు వెళ్లలేదు. ఆవిడ భర్త జోగారావూ వెళ్లలేదు. కాకినాడలో ఆ నలభై ఫ్లాట్ల సంఘానికి ఒక ఆచారం ఉంది. మీటింగుకు ఎవరు రాకపోతే వాళ్లనే కమిటీలో వేసేస్తారు. కాదనడానికి మనిషి ఎదురుగా ఉండడు కాబట్టి ఏకగ్రీవం సులువు. ఆ విధంగా జోగారావు సాయంత్రం ఏడింటికల్లా బ్యాలస్ట్ ఎంపిక ఉపసంఘానికి కన్వీనరయ్యాడు. బ్యాలస్ట్ అంటే ఏమిటో మాత్రం ఆయనకు మర్నాడు తెలిసింది.

"పాత ట్యూబ్‌లైటుకి చోకు ఉండేది చూడు, అలాంటిదట," అన్నాడు కాఫీ తాగుతూ. "పెద్ద దీపాలకి పెద్ద చోకు. కరెంటు మితిమీరి వెళ్లకుండా పట్టుకుంటుందట."

"మనకి పెద్ద దీపాలెక్కడున్నాయండీ?"

"వస్తాయి. సెల్లారులో. మొక్కలకి."

హైమవతి బోటనీలో డిగ్రీ చదువుకుంది. మొక్కలు సెల్లారులో ఎందుకుంటాయన్న ప్రశ్న ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇరవయ్యారేళ్ల కాపురంలో భర్తను ఒకేసారి రెండు ప్రశ్నలు అడగకూడదని నేర్చుకుంది. అడిగితే ఆయన కంగారుపడి రెండింటికీ జవాబు మానేస్తాడు.

విషయం నోటీసు బోర్డు మీద తెలిసింది. అపార్ట్‌మెంట్లలో ఇంటి లోపలి తోటలను ప్రోత్సహించడానికి హరిత ప్రోత్సాహక మండలి అని ఒకటి వెలిసింది. అది రాష్ట్రవ్యాప్తంగా పోటీ పెట్టింది. దరఖాస్తులో ఇరవై గడులున్నాయి. ఏడో గడిలో మొక్కకు వెలుతురిచ్చే దీపం వివరాలు, ఎనిమిదో గడిలో ఆ దీపం బ్యాలస్ట్ వివరాలు రాయాలి. అడుగున లావు అక్షరాల్లో ఒక సూచన ఉంది: "ఏ ఒక్క మొక్క విషయములోనైనను ఏ ఒక్క గడి ఖాళీగా ఉన్నచో దరఖాస్తు తిరస్కరించబడును."

బాల్కనీల్లో ఎండకు పెరుగుతున్న మొక్కలకు ఏడో గడిలో ఏం రాయాలో ఎవరికీ పాలుపోలేదు. ఎనిమిదో గడి సంగతి చెప్పనే అక్కర్లేదు. అప్పుడు సంఘాధ్యక్షులు త్రివిక్రమరావు గారు చిక్కుముడి విప్పారు. గడిలో పట్టని మొక్క సముదాయంలో ఉండడానికి వీల్లేదన్నారు. అంతే, సభ చప్పట్లు కొట్టింది.

త్రివిక్రమరావు గారు ప్రభుత్వంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి సూపరింటెండింగ్ ఇంజనీరుగా రిటైరయ్యారు. ఆయన రిటైరయ్యారు గానీ ఆయన భాష రిటైరవలేదు. మోటారు పాడైతే "నీటి సరఫరాకు తాత్కాలిక అంతరాయం ఏర్పడినట్లు ఈ కార్యాలయం దృష్టికి వచ్చినది" అంటారు. కార్యాలయమంటే జనరేటరు పక్కనున్న గది. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, వచ్చిన కాగితాలు ఎక్కించే ఒక రిజిస్టరు, పోయిన కాగితాలు ఎక్కించే మరో రిజిస్టరు ఉంటాయి. మనిషి మాత్రం మంచివాడు. ఎవరింట్లో జ్వరమన్నా ముందు మెట్లెక్కి వచ్చేది ఆయనే. వచ్చి, రోగి పరిస్థితిపై నివేదిక అడుగుతారు.

దీపాల ఎంపిక ఉపసంఘానికి రిటైర్డ్ హెడ్మాస్టరు పేర్రాజు గారు కన్వీనరు. ఆయన ఆ రోజు పెళ్లికి వెళ్లారు. దీపాల ఉపసంఘం, బ్యాలస్ట్ ఉపసంఘం పారదర్శకత దృష్ట్యా ఒకదానితో ఒకటి మాట్లాడుకోకూడదని అధ్యక్షులు ఆదేశించారు. జోగారావూ పేర్రాజు గారూ ఎదురెదురు ఫ్లాట్లలో ఉంటారు. తెల్లవారగానే కలిసి నడకకు వెళతారు. ఆ నెలంతా వాళ్లు దారి పొడుగునా వాన గురించీ మోకాళ్ల గురించీ మాత్రమే మాట్లాడుకున్నారు.

జోగారావు కేటలాగులు ముందేసుకుని కూర్చున్నాడు. ఇనుప చుట్టల బ్యాలస్ట్ బరువెక్కువ, గుయ్యిమంటుంది. ఎలక్ట్రానిక్ బ్యాలస్ట్ తేలిక, చప్పుడు చెయ్యదు. ఏది మంచిదని భార్యనడిగాడు. ముందు దీపం ఎన్ని వాట్లో కనుక్కోండి, దానికి సరిపడే బ్యాలస్టే కొనాలి అంది హైమవతి. అదే అడగకూడదని రూలు అన్నాడు జోగారావు. పోనీ అటక మీదున్న పాత దుప్పటి కొలిచి దిండు గలేబు కుట్టించినట్టు కొనెయ్యండి అని ఆవిడ పప్పు తాలింపుకు లేచింది.

ఆయన నడిమధ్యగా ఉంటుందని నాలుగొందల వాట్ల బ్యాలస్టులు ఎంచాడు. అవతల పేర్రాజు గారు కేటలాగులో 'అత్యుత్తమ పనితీరు' అని రాసి ఉన్న ఆరొందల వాట్ల సోడియం దీపాలు ఎంచారు. కార్లకు దరఖాస్తులో గడి లేదు కాబట్టి వాటిని సెల్లారులోంచి తీసి రోడ్డు మీద ఎండలో పెట్టారు. వాటి స్థానంలో ఇరవై దీపాలు వేలాడదీశారు. నలభై ఫ్లాట్ల గులాబీలు, మందారాలు, మల్లెలు, కలబందలు బుట్టల్లో దిగివచ్చాయి. అధ్యక్షులు స్విచ్చి వేశారు.

ఇరవై దీపాలూ వెలగబోయి, ఒక్క క్షణం ఆలోచించుకుని, మానేశాయి.

పేర్రాజు గారు దీపాల్లో లోపం లేదని లిఖితపూర్వకంగా తెలియజేశారు. జోగారావు బ్యాలస్టుల్లో లోపం లేదని తెలియజేశాడు. అధ్యక్షులు రెండు నివేదికలూ చదివి, దీపాలు సక్రమంగానూ బ్యాలస్టులు సక్రమంగానూ ఉన్నవని, వెలుతురు ఏ ఉపసంఘం పరిధిలోకీ రానందున దానిపై వ్యాఖ్యానించజాలమని ఫైలు మీద రాశారు. తర్వాత పది రోజులకు వెలుతురు సమన్వయ సంఘం ఏర్పడింది. దానికి కన్వీనరు త్రివిక్రమరావు గారే. ఆ రోజు ఆయన పళ్ల డాక్టరు దగ్గర ఉండిపోయారు, ఆచారం ఆయననూ వదల్లేదు.

చివరికి దీపాలకు తగిన బ్యాలస్టులు వచ్చాయి. సెల్లారు నారింజరంగులో భగభగలాడింది. దీపాలు రోజుకు పదహారు గంటలు వెలగాలి. అంత కరెంటు లాగితే లిఫ్టుకు చాలదు. కాబట్టి మొక్కల పగటివేళల్లో లిఫ్టు ఆపాలని ఉత్తర్వు వచ్చింది. మొక్కల పగలు తెల్లవారి ఐదింటికి మొదలై రాత్రి తొమ్మిదికి ముగుస్తుంది. ఐదో అంతస్తులో ఉండే అధ్యక్షుల వారి భార్య మాణిక్యాంబ గారు ఎలాగూ మెట్లు దిగాలి కదా అని, మినప వడియాల పళ్లెం ఒకటి తెచ్చి మూడో దీపం కింద పెట్టుకున్నారు. శ్రావణమాసపు ముసురులో ఊళ్లో ఎవరి వడియాలూ ఎండలేదు, ఆవిడవి తప్ప. వారం తిరిగేసరికి అందరూ తేవడంతో సెల్లారులో మొక్కలకంటే వడియాలు, అప్పడాలు ఎక్కువయ్యాయి. అప్పడాలు గలగలమంటున్నాయి. గులాబీలు మాత్రం తీగల్లా సాగి, ఆకులు తెల్లబడి, ఆసుపత్రి మంచం మీది వాళ్లలా చూస్తున్నాయి.

ఇంత జరుగుతున్నా ఒక్క మొక్క కదల్లేదు. అది రెండో అంతస్తులో హైమవతి తూర్పు బాల్కనీలో ఉన్న కరివేప.

ఏడేళ్ల కిందట కడియం నర్సరీ నుంచి జానెడు మొక్కగా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. సగానికి కోసిన నీలం డ్రమ్ములో నాటింది. ఇప్పుడు దాని మాను ముంజేతి లావుంది. పొద్దున్న ఎవరింట్లో పోపు వేసినా ముందు హైమవతి తలుపు చప్పుడవుతుంది. కాలింగ్ బెల్ కూడా కొట్టరు. "హైమా, నేనే" అంటూ లోపలికొచ్చి, రెండు రెమ్మలు తుంపుకుని పోతారు. జోగారావు ఇన్నాళ్లూ డ్రమ్ము బరువని, నడుం పట్టేసిందని, పనివాళ్లు దొరకలేదని చెబుతూ వచ్చాడు. నడుం నొప్పికి వైద్య ధ్రువపత్రం జతపరచవలసిందిగా అధ్యక్షులు కోరేసరికి ఆయన దగ్గర అబద్ధాలు అయిపోయాయి.

శనివారం మధ్యాహ్నం త్రివిక్రమరావు గారే టేపు పట్టుకుని వచ్చారు. మొక్కను కింద నుంచి పైకి కొలిచారు. ఏడడుగుల రెండంగుళాలు. సెల్లారులో దీపం ఎత్తు ఐదడుగులు. ఆకుకీ దీపానికీ నడుమ అడుగు ఖాళీ ఉండాలి.

"మూడడుగుల రెండంగుళాల అదనపు పెరుగుదల కనబడుతున్నదమ్మా," అన్నారు పుస్తకంలో రాసుకుంటూ. "సోమవారం పదింటికి రంపం మనిషిని పంపిస్తాను. తొలగింపు అనంతరం కిందికి తరలింపు."

"ఆకు కోసుకెళ్లేటప్పుడు ఎవరూ కొలవలేదండీ," అంది హైమవతి.

"అది వినియోగం. ఇది నిబంధన."

ఆయన వెళ్లాక హైమవతి బాల్కనీలో పీట వేసుకుని చాలాసేపు కూర్చుంది. కొమ్మలు నరికితే మళ్లీ చిగురిస్తుంది, ఆ సంగతి ఆవిడకు తెలుసు. కానీ సెల్లారులోకి వెళ్లిన మొక్కలు ఎలా ఉన్నాయో కూడా రోజూ చూస్తోంది. గాలి ఆడని ఆ వేడిలో ఇది నెల తిరక్కుండా పుల్ల అవుతుంది. జోగారావు పక్కన నిలబడి, ఇంకో మొక్క తెచ్చుకుందాంలే అన్నాడు. అది ఓదార్పుగా పనిచెయ్యలేదని గ్రహించి లోపలికి పోయాడు.

హైమవతి కళ్లజోడు పెట్టుకుని సంఘం ఉత్తర్వు మొదటి నుంచీ చదివింది. అందులో ఎవరూ చదవని నాలుగో పేరాలో, ఆమోదం పొందిన దీపం కింద ఇదివరకే ఉన్న మొక్కలను కదపనక్కర్లేదని, వాటి ఎత్తుకు పరిమితి లేదని ఉంది.

"ఏవండీ, దీపాన్ని ఆమోదించేదెవరు?"

"వెలుతురు చూసి పేర్రాజు గారు. బ్యాలస్టు చూసి నేను. ఆపైన అధ్యక్షులవారి సంతకం."

"ఒక తెల్లకాగితం ఇలా తెండి."

ఆవిడ దరఖాస్తు రాసింది. తన బాల్కనీలో ఒక దీపం కలదని, అది ఫ్లాటు కొనక ముందు నుంచే బిగించి ఉన్నదని తెలిపింది. తయారీదారు పేరు ఎంత వెతికినా దొరకలేదంది. రంగులు ఏడూ పూర్తిగా ఉన్నవి. వాట్లు గడిలో పట్టనందున రాయలేదు. బ్యాలస్ట్ లోపలే అమర్చబడినది, విడిగా అక్కర్లేదు. పనిచేయు వేళలు ఉదయం నుండి సాయంత్రం వరకు, కాలాన్ని బట్టి స్వల్ప మార్పులుండును. సంఘపు కరెంటు వాడదు. లిఫ్టు ఆపనక్కర్లేదు. ఇవన్నీ ఉన్నాయి గానీ ఆ కాగితం మీద సూర్యుడన్న మాట ఎక్కడా లేదు.

త్రివిక్రమరావు గారి గదిలో ఇచ్చేసరికి ఆయన ముఖం వికసించింది. ఆ సముదాయంలో మార్జిను వదిలి రాసిన దరఖాస్తు ఆయన చూడడం అదే మొదలు. చదవకుండానే నంబరు వేసి, పరిశీలనార్థం ఉపసంఘాలకు అని ఎర్ర సిరాతో రాశారు.

సాయంత్రం పేర్రాజు గారు వెలుతురు కొలిచే మీటరు పట్టుకుని వచ్చారు. బాల్కనీ అంతా వెతికి, దీపం ఏదమ్మా అనడిగారు. ఇప్పుడు ఆగిపోయిందండీ, పొద్దున్న ఆరున్నరకి రండి అంది హైమవతి. ఆయన ఆవిడ వంక చూశారు, కరివేప వంక చూశారు, తూర్పు వైపు ఆకాశం వంక చూశారు. మీటరు జేబులో వేసుకుని వెళ్లిపోయారు.

ఆదివారం పొద్దున్న ముసురు తెరిపి ఇచ్చింది. ఆరున్నరకు ఆయన మీటరు ఎత్తి పట్టుకున్నారు. మీటరు ఎడమ పక్కన ఒకటి అంకె చూపించి బిగుసుకుపోయింది. కొలతకు అందనంత వెలుతురు వచ్చినప్పుడు అది అలా చేస్తుందట. సెల్లారులో ఎన్నడూ చెయ్యలేదు.

హైమవతి కాఫీ ఇస్తూ, మాస్టారూ మీకు ఇబ్బందేమో అంది.

"ఇబ్బందేముందమ్మా. వెలుగుతోందా, చాలినంత వెలుగుతోందా అని నన్నడిగారు. ఏం వెలుగుతోందని అడగలేదు. నలభయ్యేళ్లు పేపర్లు దిద్దాను. అడగని ప్రశ్నకి జవాబు రాసినవాడికి నేనెప్పుడూ మార్కులెయ్యలేదు." అని 'సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టారు.

ఇంట్లో ఉపసంఘమే గట్టిగా నిలబడింది. జోగారావు కాగితం పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరిగాడు.

"బ్యాలస్టు ఏదే?"

"దీపం లోపల."

"నా కళ్లతో చూడకుండా సంతకం ఎలా పెడతాను?"

"తేరిపార చూడండి మరి. కళ్లు పోయాక నన్ననొద్దు."

ఆయన కిటికీ దాకా వెళ్లి, ఒక కన్ను మూసి పైకి చూసి, తుమ్మి, వెనక్కి వచ్చాడు. 'చప్పుడు లేదు. తనిఖీ సమయమున వణుకుట, మినుకుట లేదు' అని రాశాడు. రాశాక ఆయనకే అనిపించింది, నెల రోజుల్లో తను రాసిన నివేదికల్లో పూర్తిగా నిజమైంది ఇదేనని.

సోమవారం తొమ్మిదిన్నరకు హైమవతి రెండు నివేదికలూ తీసుకుని కిందికి దిగింది. రంపం మనిషి గంగులు అప్పటికే వచ్చి కార్యాలయం గుమ్మంలో కూర్చుని పళ్లు నూరుతున్నాడు, రంపానివి. త్రివిక్రమరావు గారు ముందు నివేదికలు చదివారు. తర్వాత మొదటిసారి దరఖాస్తు చదివారు. తయారీదారు దగ్గర ఆగారు. ఏడు రంగుల దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. బ్యాలస్ట్ దగ్గర చాలాసేపు ఉండిపోయారు. హైమవతి కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. గంగులు పని ముగించి రంపం అంచు మీద బొటనవేలు రాసి చూసుకున్నాడు.

"ఇది సూర్యుడని నాకు తెలియదనుకుంటున్నావామ్మా?" అన్నారు త్రివిక్రమరావు గారు తలెత్తకుండానే.

హైమవతి వేలికి చుట్టుకున్న కొంగు వదిలేసింది.

"తెలుసు. కానీ కాగితం మీద లేదు. ఉంటే తిరస్కరించి ఉండేవాణ్ణి, సూర్యుణ్ణి ఆమోదించే అధికారం ఈ కార్యాలయానికి లేదు. దీపాన్ని ఆమోదించే అధికారం ఉంది. ఉపసంఘాలు రెండూ సంతకం చేశాక నేను కాదంటే ఎందుకు కాదన్నానో రాయాలి. రాస్తే, మరి ఇరవై దీపాలు ఎందుకు కొన్నామని ఎవడో ఒకడు అడుగుతాడు." ఆయన కలం మూత తీశారు. "చాలా బాగా రాశావమ్మా. ఎక్కడ పనిచేసేదానివి?"

"వంటింట్లోనండీ."

ఆయన సంతకం పెట్టి, స్టాంపు వేసి, గంగులును రంపంతో సహా వెనక్కి పంపించేశారు.

పది రోజులకు మండలి తనిఖీ అధికారి వచ్చాడు. సెల్లారులో గులాబీల స్థితి ఆయన చూడలేదు, గడులు చూశాడు. అన్నీ నిండి ఉన్నాయి. తర్వాత రెండో అంతస్తు ఎక్కాడు. హైమవతి కరివేప ముందు నిలబడి ఏడో గడి, ఎనిమిదో గడి చదివి తలూపాడు. దీపాన్ని ఆర్పి వెలిగించి చూపవలసిందిగా కోరాడు. అది నియమావళిలో ఉందట. త్రివిక్రమరావు గారి నుదుట చెమట పట్టింది. జోగారావు నడుం పట్టుకున్నాడు, ఈసారి నిజంగానే.

హైమవతి బాల్కనీకి వేలాడుతున్న వెదురు తెర తాడు వదిలింది. తెర జరజరా దిగింది. మొక్క మీద నీడ పడింది.

"ఆర్పానండీ."

తాడు లాగింది. తెర లేచింది.

"వెలిగించానండీ."

అధికారి రెండు టిక్కులు పెట్టాడు. స్విచ్చి కొంచెం పాతకాలందైనా పనితీరు చురుగ్గా ఉందన్నాడు. పోతూపోతూ పోపులోకని నాలుగు రెమ్మలు తుంపుకున్నాడు.

ముత్యాల రెసిడెన్సీకి రెండో బహుమతి వచ్చింది. మొదటిది రాజమండ్రిలో ఒక సముదాయానికి వెళ్లింది. అక్కడ ఒక్క మొక్క కూడా లేదని, ఇరవై గడులూ మాత్రం ఒక్క కొట్టివేత లేకుండా నింపారని తర్వాత తెలిసింది.

బహుమతి ఫలకం సెల్లారులో అప్పడాల పైన మేకుకు తగిలించారో లేదో, ఫ్లాట్ల వాళ్లంతా వరసగా దరఖాస్తులు పెట్టడం మొదలెట్టారు. అందరికీ హైమవతి గారి దీపమే కావాలి. సెల్లారులో బతికి బట్టకట్టిన మొక్కలు పైకి రావాలి, లిఫ్టు తిరగాలి. దరఖాస్తులు హైమవతే రాసిపెట్టింది. మార్జిను కూడా తనే వదిలింది. త్రివిక్రమరావు గారికి కొత్త బెంగ పట్టుకుంది. దీపం ఒకటి, ఫ్లాట్లు నలభై. ఒకేసారి అందరికీ ఇస్తే లోడు ఏమవుతుంది? మూడు రోజులు ఫైలు ముందేసుకుని కూర్చున్నారు. నాలుగో రోజున ఉత్తర్వు వెలువడింది. తూర్పు ముఖపు ఫ్లాట్లకు ఉదయం, పడమటి ముఖపు ఫ్లాట్లకు సాయంత్రం చొప్పున సదరు దీపపు వెలుతురు కేటాయించడమైనదని, ఉత్తరపు వైపు ఉన్న నాలుగు ఫ్లాట్లను వెయిటింగ్ లిస్టులో ఉంచడమైనదని అందులో ఉంది.

మర్నాడు ఆయన పొద్దున్నే మేడ మీదికెక్కి గడియారం చూసుకుంటూ నిలబడ్డారు. తూర్పు బాల్కనీల్లోకి వెలుతురు వచ్చింది. సాయంత్రం మళ్లీ ఎక్కారు. పడమటి బాల్కనీల్లోకి వచ్చింది. వారం రోజులు ఇలాగే రెండు పూటలా ఎక్కి, తేదీ వేసి రాసుకున్నారు. ఎనిమిదో రోజు పొద్దున్న మాణిక్యాంబ గారు ఉప్మాకి అన్నీ సిద్ధం చేసుకుని ఆయన్నే పంపినట్టున్నారు, త్రివిక్రమరావు గారు హైమవతి గుమ్మంలో నిలబడి, కరివేపాకు రెండు రెమ్మలు కావాలంటూ గొంతు సవరించుకున్నారు.

"ఉత్తర్వు అక్షరాలా అమలవుతోందమ్మా. ఒక్క పూట కూడా తప్పలేదు." ఆ ముఖంలో దాచుకోలేని సంతోషం ఉంది. "ముప్పై నాలుగేళ్ల సర్వీసులో రిమైండరు వెయ్యకుండా అమలైంది ఇదొక్కటే."

హైమవతి బాల్కనీలోకి వెళ్లి, ఆయనడిగిన రెండు రెమ్మలకి ఇంకో రెమ్మ ఎక్కువే తుంపి ఇచ్చింది.